గడప మీద వేరు

శుక్రవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నూకరత్నం గడపకు పసుపు రాస్తోంది. తలుపు మూల నుంచి దారమంత వేరు ఒకటి లోపలికి వచ్చి ఉంది. దానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది.

రేవు కాలనీ ఏ బ్లాకు నాలుగంతస్తుల పాత భవనం. ఉప్పుగాలికి స్తంభాల్లో ఇనుము కుళ్లింది. ఖాళీ చేయమన్న అధికారులు ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు. రత్నం భర్త లేని మనిషి. ఆ ఒక్క గదిలోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టి బతుకుతోంది.

అప్పుడు వృక్షశాస్త్రవేత్త డాక్టర్ హైమవతి ఆ భవనాన్ని నిలబెట్టేందుకు కవచ జువ్వి అనే చెట్టును తెచ్చింది. మామూలు జువ్వి విత్తనం పిట్ట రెట్టతో మరో చెట్టు కొమ్మ మీద పడి మొలుస్తుంది. వేళ్లు కిందికి దిగి, ఒకదానికొకటి అతుక్కుని ఆ చెట్టును వలలా చుట్టేస్తాయి. లోపలి చెట్టు చచ్చిపోయినా వల నిలబడే ఉంటుంది. హైమవతి దాని జన్యువులు మార్చి కాంక్రీటును పట్టుకునేలా చేసింది. స్తంభం ఎక్కడ బలహీనపడితే అక్కడి సెన్సర్ స్వల్ప విద్యుత్తు పంపుతుంది, వేరు అక్కడ లావెక్కుతుంది.

షరతు ఒక్కటే. గుమ్మాల్లోకి వచ్చిన వేళ్లను లేతగా ఉండగానే కత్తిరించాలి. అందుకు ఇంటికో కత్తెర ఇచ్చారు.

తనిఖీకి వచ్చిన హైమవతి ప్రతి గుమ్మం దగ్గరా వేళ్లకు బొట్లు చూసింది.

"కత్తెర ఎందుకు వాడలేదు, రత్నమ్మా?"

"గడపలోకొచ్చిన తల్లిని ఎలగ కోసేత్తామమ్మా?"

"తల్లి కాదు. నా ల్యాబ్‌లో పుట్టింది."

"అయితే దాన్ని కన్నతల్లివి నువ్వేనన్నమాట. రా, నీకూ బొట్టెడతాను."

హైమవతి నవ్వింది. బొట్టు పెట్టించుకుంది. కత్తెర సంగతి వచ్చే నెల చూద్దామనుకుంది.

చెట్టు వద్దన్న బి బ్లాకు మేడ మీంచి సింహాచలం అరిచాడు: "ఒదినా, అది ఇల్లా, పిట్టగూడా?"

"నీ మేడ పడిపోతే రా సిమ్మాచలం, ఇదే గూట్లో సోటిత్తాను."

నవంబరులో తుఫాను వచ్చింది. రెండు బ్లాకుల వారినీ ముందే షెల్టరుకు తరలించారు. బి బ్లాకు నేలమట్టమైంది. ఏ బ్లాకులో ఒక్క ఇటుక కూడా కదలలేదు.

తిరిగి వచ్చిన రత్నం తన గుమ్మం ముందు ఆగిపోయింది. వాన నీటికి ఉబ్బిన వేళ్లు తలుపుకు అడ్డంగా అతుక్కుపోయాయి. అరచేయి పట్టేంత సందులోంచి కుట్టుమిషన్ కనిపించింది. అన్ని గుమ్మాలూ అలాగే ఉన్నాయి.

హైమవతి సెన్సర్ల మీటరు చూసింది. "స్తంభాలు ఏ బరువూ మోయడం లేదు. అంతా వేళ్ల మీదే ఉంది. ఇప్పుడు ఒక్కటి కోసినా కూలుతుంది."

"అంటే ఇల్లు నిలబడినట్టే గదమ్మా?"

"నిలబడింది."

"మరి మేమెక్కడుండాల?"

హైమవతి మీటరును సంచిలో పెట్టుకుంది.

కొన్ని రోజులకు సింహాచలం చేతికి కొత్త ఇంటి తాళాలు వచ్చాయి. రత్నం షెల్టరులోనే ఉంది. తుఫానులో ఇల్లు కూలిన వారికే కొత్త ఇళ్లని అప్పుడు తెలిసింది. ఏ బ్లాకు కూలలేదు.