తలుపు వెనక పాఠం

“నేను నీ దగ్గర చదవను! అత్త దగ్గరే చదువుతాను!”

ఏడేళ్ల చిట్టి పుస్తకాన్ని గుండెలకు అదుముకుని, తల్లి చేతికి చిక్కకుండా వెనక గదిలోకి ఒక్క పరుగు తీసింది. వెంటనే తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు... ఆ చప్పుడుకి టీచరమ్మ చెంప ఎవరో ఛెళ్లుమనిపించినట్టయింది!

అవును మరి, వీధి వీధంతా ఆమెను టీచరమ్మ అనే పిలుస్తుంది. పన్నెండేళ్లుగా మూడో తరగతికి పాఠాలు చెబుతోంది. “వీడు నా వల్ల కాదు బాబోయ్” అని మిగతావాళ్లు చేతులెత్తేసిన పిల్లల చేత కూడా పేజీలకు పేజీలు గడగడా చదివించిన మనిషి! అలాంటిది, కడుపున పుట్టిన పిల్ల మాత్రం తన ఎదుట నోరు విప్పేది కాదు. పుస్తకం తెరిస్తే చాలు, చిట్టి కళ్లు తల్లి చేతిలోని ఎర్రపెన్ను మీదే ఉండేవి. “అదేమిటి? సరిగ్గా చూడు! మళ్లీ! మళ్లీ చదువు!” అని టీచరమ్మ గొంతు లేచేకొద్దీ పిల్ల గొంతు ఎండిపోయేది. ఏడాది చివర పెద్ద టీచరు ముందు ఒక పేజీ గట్టిగా చదవాలి. చదవకపోతే మళ్లీ రెండో తరగతే! సాక్షాత్తూ టీచరు కూతురు, అదీ ఆ బళ్లోనే! ఇక ఆమె తలెక్కడ పెట్టుకోవాలి?

అలాంటి రోజుల్లో కలగజేసుకుంది ఆడపడుచు. భర్తకి స్వయానా అక్క. ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో పనిచేసింది, పెళ్లి చేసుకోలేదు. మిల్లు మూతపడ్డాక “ఒక్కదానివీ ఎందుకక్కా?” అని తమ్ముడే తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. వచ్చి ఆర్నెల్లయినా ఇంట్లో ఆమె మాట వినపడేది కాదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం, ఏడుస్తున్న చిట్టిని ఒళ్లోకి తీసుకుని, “రోజూ ఓ గంట దీన్ని నా దగ్గర కూర్చోనివ్వమ్మా. తలుపేసుకుంటాం. నువ్వు మాత్రం రావద్దు, ఏం?” అంది నసుగుతూ.

“నీ ఇష్టం వదినా” అంది టీచరమ్మ. రెండ్రోజుల్లో తనకే తెలిసొస్తుందిలే అనుకుంది మనసులో. మనలో మాట... వదిన కూడా ఓడిపోతే చూడాలని కాస్త సరదాగానే ఉంది ఆవిడకి!

కానీ వదిన ఓడిపోలేదు. రెండు నెలలు తిరిగేసరికి చిట్టి చదవడం మొదలుపెట్టింది! బళ్లో తోటి టీచరు ఎదురొచ్చి మరీ, “ఏం మంత్రం వేశారండీ? నిన్న మీ అమ్మాయి పాఠం మొత్తం చదివేసింది! ఎవరు చెబుతున్నారు? మా వాణ్ణీ పంపిస్తాను!” అంది. టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వు మొహం మీద నిలబెట్టడానికి ఆవిడ పడిన యాతన ఆ దేవుడికే తెలియాలి! కూతురు గట్టెక్కుతోందని సంతోషించాలా? సంతోషమే. కానీ ఆ సంతోషం ఒంటికి పట్టడం లేదు. నా పిల్ల... నా వృత్తి... నా పేరు! అన్నీ ఆ గడియ వెనక్కి వెళ్లిపోయాయి!

అక్కణ్ణుంచి ఆవిడకి మనశ్శాంతి లేదు. సాయంత్రం అయిదయితే చాలు, తుడిచిన వరండానే మళ్లీ తుడిచేది. మడతపెట్టిన బట్టలు విప్పి ఆ తలుపు పక్కనే కూర్చుని మళ్లీ మడతపెట్టేది. లోపలినుంచి చిట్టి నవ్వు కిలకిలా వినిపించేది. “భలే చెప్పావే నా తల్లీ!” అని వదిన గొంతు. తన దగ్గర ఏనాడైనా అలా నవ్విందా? “అత్త ఎలా చెబుతుందే?” అని ఎన్ని రకాలుగా అడిగినా, “చెప్పకూడదమ్మా, ఒట్టు పెట్టుకున్నాం” అనేది పిల్ల. ఒట్టట! కన్నతల్లికి చెప్పకూడని ఒట్టు!

ఒక ఆదివారం ముగ్గురూ కూరగాయలకి వెళ్లారు. చిట్టి అత్త వేలు పట్టుకుని ముందు నడుస్తూ, దారిలోని బోర్డులన్నీ పెద్దగా చదువుతోంది. “మందుల షాపు!” అని చిట్టి అనగానే, “మందుల షాపు” అంటూ వదిన మెల్లగా పెదవులు కదిపేది. సంచి మోసుకుంటూ వెనక నడుస్తున్న టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది. చూడు, ముద్దు చేసి ఎలా మచ్చిక చేసుకుందో! ఇంకొన్నాళ్లు పోతే నేనెవరో కూడా మర్చిపోతుంది నా కూతురు...

ఆ వారంలోనే ఆవిడ పక్క ఊరి ఆసుపత్రిలో వదినకి ఉద్యోగం చూసింది. మందుల గదిలో పని, ఉండటానికి గది కూడా ఇస్తారు. భోజనాల దగ్గర ఆ సంగతి చెబుతుంటే ఎంత తీయగా చెప్పిందనుకున్నారు! “నీ కాళ్ల మీద నువ్వు నిలబడతావు వదినా. ఇక్కడ ఎన్నాళ్లని మాకు చాకిరీ చేస్తావు?”

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “మందుల గదిలోనా? అక్క... అక్కెలా...” అంటూ ఏదో చెప్పబోయాడు. అక్క అతనివైపు చూసి తల అడ్డంగా ఊపింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“అలాగేనమ్మా, నీకెలా మంచిదనిపిస్తే అలా” అంది వదిన. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఇదిగో దరఖాస్తు. రేపు సాయంత్రానికి నింపి ఇచ్చెయ్.”

మర్నాడు బడినుంచి రాగానే బల్లమీద ఆ కాగితం కనిపించింది. చేతిలోకి తీసుకుని ఉలిక్కిపడింది టీచరమ్మ. గీత మీద నిలబడని వంకరటింకర అక్షరాలు... వందమంది పిల్లల రాతల్లో కలిపేసినా ఆ రాతను పోల్చుకోగలదు. చిట్టి రాత!

“ఎంత పొగరు! ఇంత ముఖ్యమైన కాగితం చిన్నపిల్ల చేత గీయిస్తుందా? నేనంటే అంత వెటకారమా?” కోపంతో చెయ్యి దానంతటదే ఎర్రపెన్ను అందుకుంది. మొదటి తప్పు చుట్టూ సున్నా చుట్టింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది.

‘చదువు: రెండో తరగతి మధ్యలో మానేశాను. ఇప్పుడు మా మేనకోడలు రోజూ గంటసేపు చెబుతోంది.’

‘ఇంతకుముందు చేసిన పని: తమ్ముణ్ణి పెంచాను. తర్వాత మిల్లు.’

‘ఈ ఉద్యోగం ఎందుకు కావాలి: మా మరదలు చెప్పింది. ఆమె చాలా మంచి టీచరు.’

టీచరమ్మ మళ్లీ మొదటినుంచి చదివింది. మేనకోడలు... చెబుతోందా? చదువు చెబుతున్నది వదిన కాదా? రోజూ తన కంటి ఎదుట తిరిగే మనిషికి అక్షరం రాదని, పన్నెండేళ్లు బళ్లో పనిచేసిన తనకి ఇన్ని నెలలుగా తెలియలేదా!

అయిదు దాటింది. పెరటివైపు వెళ్లి, వెనక గది కిటికీలోంచి చూసింది. చిట్టి కుర్చీలో ఉంది. నలభై ఆరేళ్ల వదిన కింద బాసింపట్టు వేసుకుని, నోటుబుక్కు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. ఒక మాట దగ్గర తడబడింది. మళ్లీ తడబడింది. సిగ్గుతో పుస్తకం మూసేయబోయింది.

“తప్పయితే అయింది అత్తా, భయపడకు. నేనున్నాగా? ఇంకోసారి చూద్దాం” అంది చిట్టి, ఆమె తల నిమురుతూ.

ఎక్కడ నేర్చుకుంది ఆ మాట? తను మాత్రం ఒక్కసారి కూడా అనలేదు... కన్నకూతురితో ఒక్కసారి కూడా! టీచరమ్మకి దుఃఖం ఆగలేదు. పరుగున వచ్చి తలుపు బాదింది.

గడియ తీసిన వదిన, దొంగతనం చేస్తూ పట్టుబడిన పిల్లలా నోటుబుక్కు వెనక్కి దాచుకుంది. “ఆ కాగితంలో నిజమే రాయించానమ్మా. మందుల దగ్గర అబద్ధం ఆడితే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది...”

“నన్నెందుకు అడగలేదు వదినా? ఇంట్లో టీచర్ని పెట్టుకుని!”

“నిన్నే అడుగుదామనుకున్నా” అంది వదిన తల దించుకుని. “తమ్ముణ్ణి కూడా నీకు చెప్పొద్దన్నాను, నేనే అడుగుతానని. కానీ నువ్వు దీనికి చెబుతుంటే చూసి... ఏమనుకోకమ్మా, భయమేసింది. ఏడేళ్ల పిల్లకే అన్ని చీవాట్లు పడితే నాలాంటి మొద్దుకి ఇంకెన్ని! అందుకే దీన్ని బతిమాలాను. బళ్లో నేర్చుకున్నది నాకూ చెప్పవే అని. నాకు చెప్పాలంటే తనకి రావాలిగా? పిచ్చితల్లి, బళ్లో చెవులు రిక్కించుకుని వినడం మొదలుపెట్టింది.”

టీచరమ్మ ఆమె చేతులు రెండూ పట్టేసుకుంది. “కుళ్లు వదినా! కుళ్లుతో చూశాను ఆ ఉద్యోగం! నిన్ను పంపించేస్తే నా కూతురు నాకు దక్కుతుందని...”

“తెలుసమ్మా.”

“తెలుసా? తెలిసీ వెళ్తానన్నావా?”

వదిన చిట్టి వైపు చూసింది. “మా అమ్మ పోయేనాటికి నాకు చిట్టంత వయసు. పాలు తాగే తమ్ముడి కోసం బడి మానేశాను. పెద్దయ్యాక రోజూ వాణ్ణి బడి గేటు దగ్గర దింపి మిల్లుకి వెళ్లేదాన్ని. ఎంత కుళ్లుకునేదాన్నో తెలుసా? నా డబ్బుతో కొన్న పుస్తకాలు, చదివేది వాడు! ఒకసారి ఉక్రోషం పట్టలేక వాడి పుస్తకం దాచేశాను కూడా. పాపం, ఆ రోజు దెబ్బలు తిన్నాడు. మర్నాడు మళ్లీ నేనే దింపాననుకో... కుళ్లు ఎంత మంటో నాకు తెలుసమ్మా. అందుకే నీ మీద కోపం రాలేదు.”

ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తన కోసం బడి మానేసిన మనిషి గురించి భర్త ఎప్పుడూ ‘మా అక్క చాలా తెలివైంది’ అని మాత్రమే చెప్పేవాడు. ఆ మాట వెనక ఇంత ఉందని ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

“ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు. నువ్వెక్కడికీ వెళ్లట్లేదు” అని కళ్లు తుడుచుకుని, కుర్చీలో బిక్కుబిక్కుమంటూ చూస్తున్న కూతురి వైపు తిరిగింది టీచరమ్మ. “టీచరుగారూ, నన్నూ చేర్చుకుంటారా?”

చిట్టి అత్త వైపు చూసింది. అత్త తల ఊపింది. “సరే. కానీ మధ్యలో మాట్లాడకూడదు” అంది చిట్టి.

టీచరమ్మ వదిన పక్కనే నేల మీద కూర్చుంది. చిట్టి పుస్తకం తెరిచి గొంతు సవరించుకుని, అమ్మ ఎదుట మొట్టమొదటిసారి పాఠం పైకి చదవడం మొదలుపెట్టింది. మూడో వాక్యంలో ఒక మాట తప్పు చదివింది. టీచరమ్మ నాలుక చివరిదాకా వచ్చిందాన్ని పంటికింద నొక్కిపెట్టింది. ఒక క్షణం... రెండు క్షణాలు... అప్పుడు పక్కనుంచి వదిన, బెదురుబెదురుగా ముందుకు వంగి, పేజీ మీద వేలుంచి, ఆ మాటను తప్పు లేకుండా చదివింది.

“అవును కదూ! అత్తకి వచ్చేసింది! అమ్మా, అత్తకి వచ్చేసింది!” అంటూ చిట్టి కుర్చీలోంచి దూకి అత్త మెడ చుట్టూ చేతులు వేసింది.

టీచరమ్మ గుండెలో మళ్లీ చురుక్కుమంది. అబద్ధం ఎందుకు, బాగానే చురుక్కుమంది! అయినా చప్పట్లు కొట్టింది.