తిరుపాలు జంకు

గోడ మీద చిరుత దూకింది. తిరుపాలు ట్రిగ్గర్ నొక్కాడు. చిరుతకేమీ కాలేదు. దాని వీపుకి రెండు జానల పైన గోడ మీద ఎర్ర చుక్క వెలిగింది. నిజం తుపాకీ అయితే తూటా అక్కడికి పోయేదన్నమాట.

"ఎనభై రెండు," అంది డాక్టర్ నిహారిక, స్క్రీన్ వంక చూస్తూ.

"నూటికేనా?" అన్నాడు తిరుపాలు, మీసం సవరించుకుంటూ.

"నూటికేనండీ. కాకపోతే ఇందులో ఎంత తక్కువొస్తే అంత మంచిది."

తిరుపాలు చెయ్యి మీసం దగ్గరే ఆగిపోయింది. వెనక గుమ్మం పక్కన నిలబడ్డ అతని భార్య ఓబులమ్మ నవ్వాపుకోడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈ అంకెల గొడవేమిటో చెప్పకపోతే కథ ముందుకు సాగదు. తుపాకీ పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తంతుంది. ఒకసారి తన్ను తిన్న ఒళ్ళు రెండోసారి ఊరుకోదు. వేలు బిగిసే లోపలే రెప్ప పడిపోతుంది, భుజం ముడుచుకుంటుంది, మెడ పక్కకి పోతుంది. చేసినవాడికే ఆ సంగతి తెలియదు. కానీ గొట్టం చివర బియ్యపు గింజంత తేడా వస్తే, వంద గజాల అవతల అది మూరెడవుతుంది. ఆ తేడాని కొలవడానికి నిహారిక కనిపెట్టిన యంత్రం పేరు ప్రీ-ట్రిగ్గర్ రెస్పాన్స్ ఎనలైజర్. ఎర్రమిట్టలో ఆ పేరు ఒక్క పూట కూడా బతకలేదు. జంకుమీటర్ అన్నారు, అదే ఖాయమైంది.

యంత్రమంటే పెద్ద హడావుడేమీ లేదు. గోడ మీద ఆడే చిరుత బొమ్మ, ఒక ఉత్తుత్తి తుపాకీ. దాని మడమలో గ్యాస్ సిలిండర్. పిట్టల తుపాకీలా తన్నమంటే అలా తంతుంది, ఏనుగుల రైఫిల్‌లా తన్నమంటే అలా తంతుంది. బరువు కూడా పెంచొచ్చు, తగ్గించొచ్చు. మనిషి రెప్పకీ మెడకీ వేలికీ బొట్టుబిళ్ళలంత సెన్సర్లు అంటిస్తారు. ఏ తన్నుకి జంకు తక్కువొస్తుందో అదే ఆ మనిషి తుపాకీ. పక్కవాడి చెప్పులు మన కాళ్ళకి పట్టవు కదా, ఇదీ అంతే.

ఎర్రమిట్టకి ఈ కొలతలు సరదా కోసం కాదు. నల్లమల అంచున ఉన్న ఊరది. విడివిడిగా ఉన్న అడవుల్ని ప్రభుత్వం ఒకటిగా కలిపాక చిరుతలు పెరిగాయి. ఊరు సంతోషించింది కూడా. కానీ వాటిలో ఒకటి మనిషి నెత్తురు మరిగింది. పాత బోనుల పుణ్యమా అని దానికి బోను తెలుసు, మత్తు సూది తుపాకీ చప్పుడు తెలుసు, డ్రోన్ వస్తే బండ కిందికి దూరడం తెలుసు. మిరప కోతకి వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళని పొట్టన పెట్టుకుంది. కాయ పండి చెట్టునే ఎండుతున్నా చేలోకి అడుగు పెట్టేవాళ్ళు లేరు. చివరికి ఒక జంటకి దాన్ని కాల్చడానికి అనుమతి వచ్చింది.

జంట అనడానికి కారణముంది. ఆ కొండ దారులు ఒక్క మనిషి పట్టేంత ఇరుకు. ముందు తుపాకీ ఒకరిది, వెనక తుపాకీ ఇంకొకరిది. ముందువాళ్ళు దూరం నుంచి కాలుస్తారు. గురి తప్పి జంతువు మీదికొస్తే వెనకవాళ్ళు పని ముగించాలి. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళే అలా జంటగా వెళ్ళాలని ఎర్రమిట్ట కట్టుబాటు. పొరుగింటివాడైతే పారిపోవచ్చు, ఇంట్లోవాడు పారిపోతే రాత్రికి అన్నమెవరు పెడతారని వాళ్ళ ధీమా. అందుకే పెళ్ళయిన నాటి నుంచి తిరుపాలు ముందు తుపాకీ, ఓబులమ్మ వెనక తుపాకీ.

తిరుపాలు ఒకప్పుడు మంచి గురికాడు. ఈమధ్య తప్పుతోంది. తప్పినప్పుడల్లా మగవాడు చేసే పనే చేశాడు, ఇంకా పెద్ద తుపాకీ కొన్నాడు. అడవిపందికి సరిపోయే రైఫిల్ పోయి అడవిదున్నలది వచ్చింది, అదీ పోయి ఏనుగులది వచ్చింది. దాన్ని పేలిస్తే ఊళ్ళో కుక్కలన్నీ మంచాల కింద దూరేవి. గురి మాత్రం కుదర్లేదు. ఈసారి ఎదురుగా ఉన్నది చిరుత. తప్పితే ఇద్దరిలో ఒకరు తిరిగి రారని ఓబులమ్మకి భయం పట్టుకుంది. బతిమాలి, పోట్లాడి మొగుణ్ణి జంకుమీటర్ దగ్గరికి లాక్కొచ్చింది.

నిహారిక తన్ను తగ్గించింది. ఎనభై. త్రీ నాట్ ఎయిట్ అనే మధ్యరకం రైఫిల్ స్థాయికి దించింది, చిరుతకి అది చాలు. ఎనభై ఒకటి. గ్యాస్ పూర్తిగా ఆపేసింది. తుపాకీ ఇప్పుడు చీపురుకట్టతో సమానం. అయినా ఎనభై.

"మీ మిషను చెడిపోయినట్టుందమ్మా," అన్నాడు తిరుపాలు జాలిగా.

"అయితే ఓబులమ్మగారు ఒకసారి పట్టుకుంటారా?"

తిరుపాలు ఆమె వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఓబులమ్మ తుపాకీ భుజానికి ఆనించింది. గోడ మీద చిరుత దూకింది. గుండె మీద ఎర్ర చుక్క వెలిగింది. అంకె సున్నా. నిహారిక కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చేయించింది. మళ్ళీ సున్నా.

"భయమెయ్యదా మీకు?"

"ఎందుకమ్మా భయం? నా పాటికి నేను కాలుస్తా, ఆయన పాటికి ఆయనుంటాడు. వెనకాల నేనున్నా ఒకటే, తుపాకీ ఆనించే గుంజ ఉన్నా ఒకటే ఆయనకి. ఇన్నేళ్ళలో తిన్నావా అని ఒక్కసారి అడిగితే ఒట్టు," అంది ఓబులమ్మ. ఆ మాటలో కోపం లేదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పి, మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళింది.

ఆమె బయటున్నప్పుడు నిహారిక తిరుపాలు చేత ఇంకోసారి కాల్పించింది. అంకె మూడు. ఓబులమ్మ లోపలికొచ్చి అలవాటు ప్రకారం మొగుడి వెనక నిలబడింది. అంకె ఎనభై. నిహారిక ఆమెని తీసుకెళ్ళి తిరుపాలుకి కనిపించేలా ముందు పక్కన నిలబెట్టింది. అంకె రెండు.

శాస్త్రవేత్తలకి ఒక జబ్బుంది. కొత్త సంగతి తెలిస్తే నోరు ఆగదు.

"తిరుపాలుగారూ, మీకు తుపాకీ అంటే జంకు కాదు. ఈవిడ వెనకాలుండి మీకు కనపడకపోతే జంకు. ట్రిగ్గర్ నొక్కే ముందు మీ మెడ వెనక్కి తిరగబోతోంది. మధ్యలో ఎప్పుడైనా మీ వెనకాల ఉన్నప్పుడు ఈవిడకేమైనా అయిందా?"

"పంది కుమ్మింది తొడ మీద. మూడేళ్ళయింది," అంది ఓబులమ్మ నెమ్మదిగా. "ఈయన ముందున్నాడు, చూసుకోలేదు."

"మెడ పట్టేసిందమ్మా, అంతే. చలికాలం గదా," అన్నాడు తిరుపాలు. కిటికీ బయట ఎండ పేలిపోతోంది.

ఓబులమ్మ మొగుడి వంక చూసి, ఆయన తల తిప్పుకునేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది.

నిహారిక లెక్క తేలిపోయింది. సున్నా వచ్చిన మనిషి ముందుండాలి, త్రీ నాట్ ఎయిట్‌తో. ఆమె కళ్ళెదుట ఉంటే తిరుపాలుకి జంకు లేదు కాబట్టి అతను వెనక, డబుల్ బ్యారెల్‌తో. అందులో వేసే తూటాలో లావుపాటి సీసపు గుళ్ళుంటాయి, మీదికొచ్చే జంతువుని దగ్గర్నుంచి ఆపడానికి అంతకన్నా మంచిది లేదు. ఏనుగుల రైఫిల్ ఇంట్లో ఉంటుంది. ఆ చివరి మాటకి తిరుపాలు చాలా నొచ్చుకున్నాడు.

మర్నాడు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే ఇద్దరూ కొండ దారెక్కారు. చిరుత నీళ్ళకి దిగే బండల దగ్గరికి ఆ దారే పోతుంది. కింద జీపులో నిహారిక టాబ్లెట్ పట్టుకుని కూర్చుంది. ఇద్దరి మెడలకీ సెన్సర్లున్నాయి. చప్పుడు వినపడనంత ఎత్తునున్న డ్రోన్ బొమ్మలు పంపిస్తోంది.

బండ మీదికి చిరుత వచ్చింది. ఓబులమ్మ మోకాలి మీద కూర్చుని తుపాకీ ఎత్తింది. టాబ్లెట్‌లో ఆమె అంకె సున్నా కాదు. పది. ముప్ఫై. నిహారిక సెన్సర్ ఊడిందనుకుంది. డెబ్భై ఆరు దగ్గర తుపాకీ పేలింది. బండ మీద రాతిపొడి లేచింది. చిరుత తిరిగి చూసి, ఒక్క ఉరుకున కిందికి దూకి, ఆమె మీదికే వచ్చింది.

నిహారిక కళ్ళు టాబ్లెట్‌కే అతుక్కుపోయాయి. తిరుపాలు అంకె మాత్రం మారలేదు. ఒకటి. తిరుపాలు ఆమె తల మీదుగా రెండు గొట్టాలూ పేల్చాడు. చిరుత ఓబులమ్మ కాళ్ళకి బారెడు దూరంలో పడింది, ఇక లేవలేదు.

నిహారిక రొప్పుతూ పైకి చేరేసరికి తిరుపాలు పెళ్ళాం చేతులూ భుజాలూ తడిమి చూస్తున్నాడు. నోరు మాత్రం తిడుతూనే ఉంది.

"కాల్చేటప్పుడు తల ఎందుకు తిప్పావే? చిరుత ముందుంటే వెనక్కి చూస్తారటే? పచ్చి మంచినీళ్ళయినా తాగొచ్చినావా ఇంటికాడ, కళ్ళు తిరిగినాయా?"

ఓబులమ్మ బండకి ఆనుకుని కూర్చుంది. మొహం పెళ్ళినాటిలా వెలిగిపోతోంది. నిహారికకి ఇదంతా కనిపించలేదు, పాపం. ఆమె ఇంకా టాబ్లెట్ వంకే చూస్తోంది.

"నిన్న సున్నా వచ్చింది కదండీ మీకు. ఇవాళ డెబ్భై ఆరేంటి? ఒక్క రోజులో ఏం మారింది?"

"అప్పటికి ఈయన సంగతి నాకు తెలీదు గదమ్మా," అంది ఓబులమ్మ.