షికార్‌ఘర్‌లో మధ్యాహ్న భోజనం

"చంద్రకాంత్ ఆ టేబుల్ దగ్గర్నుంచి ప్రాణాలతో లేవాలి. మిగతావన్నీ తర్వాత," అన్నాడు చీఫ్ యాకోబు.

ఏజెంట్ మల్లీశ్వరి తలూపింది. చంద్రకాంత్ నేవీ ఇంజినీర్. సముద్రం అడుగున ఉన్న సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే కోడ్ అతని బుర్రలో ఉంది. 'నార్త్ స్టార్' అనే విదేశీ ముఠా అతన్ని కొనబోయి ఓడిపోయింది. ఇప్పుడు చంపాలని చూస్తోంది. ఆ సంగతి చేరవేసింది శ్యామల. ముఠాలోకి మనవాళ్లు పంపిన డబుల్ ఏజెంట్. చంద్రకాంత్ దృష్టిలో మాత్రం తన కాబోయే భార్య.

"విషం కందిపప్పులో. వడ్డించేది పాండు." అదీ ఆమె పంపిన మెసేజ్.

శ్యామల, మల్లీశ్వరి ఒకే బ్యాచ్. ట్రైనింగ్ నాటి నుంచీ ఇద్దరికీ పడదు. ఆ మెసేజ్ చదవగానే మల్లీశ్వరికి ఎక్కడో తేడా కొట్టింది. తన అసూయే అలా అనిపిస్తోందని సర్దిచెప్పుకుంది.

ఆదివారం మధ్యాహ్నం. అనంతగిరి అడవి అంచున నిజాం కాలం నాటి వేట బంగ్లా షికార్‌ఘర్. ఇప్పుడు హోటల్. తాండూరు బండలు పరిచిన వరండాలో కూర్చుంటే లోయంతా కనిపిస్తుంది. జొన్నరొట్టె, నాటుకోడి కోసం హైదరాబాద్ నుంచి కార్లు వరస కడతాయి. సర్వర్ యూనిఫాంలో మల్లీశ్వరి నీళ్ల జగ్గు పట్టుకుని చంద్రకాంత్, శ్యామల కూర్చున్న టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"రొట్టె మెత్తగుంటదా?" అడిగింది శ్యామల. అది కోడ్.

"వాన పడ్డ చెల్క మన్ను లెక్కుంటది, మేడం."

"మాటలు తక్కువ చేసి వడ్డించు," చంద్రకాంత్ కసిరాడు.

రొట్టెలు, కోడికూర వడ్డించేశాక పాండు పప్పు గిన్నె తెస్తున్నాడు. మల్లీశ్వరి ఎదురెళ్లి దాన్ని లాక్కుని, వంటింటి గుమ్మం చాటున తన ఉంగరం అందులో ముంచింది. విషం తగిలితే రాయి ఎర్రబడాలి. పచ్చగానే ఉంది.

"గట్ల గుంజుకుంటవేంది?" పాండు గుర్రుగా చూశాడు. "నేనేం జేసిన నీకు?"

ఆమె గిన్నె తిరిగి అతని చేతిలో పెట్టింది. పప్పు శుభ్రం. పాండు అమాయకుడు. మరి శ్యామల తనను పప్పు వెంట ఎందుకు పంపినట్టు?

తల తిప్పి వరండాలోకి చూసింది. శ్యామల హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న శానిటైజర్ సీసా తీసి, నవ్వుతూ చంద్రకాంత్ కుడిచేతి మీద స్ప్రే చేసింది. వెంటనే సీసా లోపల పడేసింది. తన చేతులకు రాసుకోలేదు. అలాగే రొట్టె తుంచి తినసాగింది.

చంద్రకాంత్ కూడా ముక్క తుంచాడు. కోడికూరలో అద్దాడు. నోటి దాకా ఎత్తాడు.

మల్లీశ్వరి పరుగెత్తింది. కేక వేసినా అతను ఆగే రకం కాదు. పక్క టేబుల్ మీది పచ్చిపులుసు గిన్నె అందుకుని విసిరింది. గిన్నె అతని చేతికి తగిలింది. ముక్క పెదవుల దగ్గరే జారి ఒళ్లో పడింది.

"పిచ్చా నీకు?" చంద్రకాంత్ లేచి మీదికొచ్చాడు.

"చెయ్యి నోట్లె పెట్టకు సార్." ఆమె ఉంగరాన్ని అతని వేళ్లకు ఆనించింది. రాయి ఎర్రగా మారింది. అతని మొహం పాలిపోయింది.

శ్యామల చెయ్యి బ్యాగ్‌లోకి వెళ్లింది. పిస్టల్ బయటికి రాకముందే మల్లీశ్వరి ఆ మణికట్టును విరిచి టేబుల్‌కేసి అదిమింది.

"మొదటి సంది నేనంటే నీకు కండ్లమంట," పళ్లు కొరికింది శ్యామల.

"అవు. గదే అనుకొని ఇంతసేపు ఆగిన."

మఫ్టీలో ఉన్న పోలీసులు శ్యామలను తీసుకెళ్లాక మల్లీశ్వరి చీఫ్‌కు ఫోన్ చేసింది.

"రిపోర్ట్?" అన్నాడు యాకోబు.

"ఇంజినీర్ క్షేమం. శ్యామల మన కస్టడీల ఉన్నది. నన్ను పనిలకెళ్లి తీసేసిన్రు."

"ఎవరు తీసేశారు?"

"హోటల్ మేనేజర్, సార్. నాకు వడ్డన రాదంట."