హార్డ్ డిస్కులో అవ్వ తిట్లు

ఆయుధపూజ మర్నాడు తమిళనాడు ధర్మపురిలో లారీకి బొట్టుంటుంది, తక్కెడకు బొట్టుంటుంది, ఆఖరికి మంగలి కత్తెరకూ ఉంటుంది. అందుకే ఆ రెండువేల ఆరో సంవత్సరం, బస్టాండు పక్క మేడ మీద కంప్యూటర్లు రిపేరు చేసే వసంతకుమార్, గంధం పూసుకుని చామంతి దండ వేసుకుని ఒక సీపీయూ తన బల్లెక్కితే ఏమీ ఆశ్చర్యపోలేదు. దాన్ని ఎత్తుకొచ్చిన పిల్లను చూసే అతనికి చెమట పట్టింది.

సత్యప్రియ! చెట్టికరై కాలేజీలో అతను ఫైనలియర్, ఆమె ఫస్టియర్. ఏడాది పొడుగునా కాలేజీ బస్సులో వెనక సీటు నుంచి ఆమె జడను చూసి, ఒక్క మాటైనా అనకుండా డిగ్రీ పుచ్చుకుని బయటపడ్డ ఘనుడు మనవాడు.

"అన్నా, నువ్వే కాపాడల్ల," అందామె.

ఆ 'అన్నా'కి అతని ప్రాణం ఉసూరుమంది.

వెనకాలే వానలో తడిసి ఆమె నాయన అంజప్ప, ఆయన చెయ్యి పట్టుకుని అవ్వ వేదవల్లి మెట్లెక్కి వచ్చారు.

"ఏమైంది?"

"పూజకు అన్నీ కడగల్ల, మిషను లోపల కూడా శుభ్రం చెయ్యమని నాయన అన్న్యాడు. ఫార్మాట్ చేసేసినా."

"లోపలంటే దుమ్ము అనుకున్నా," అన్నాడు అంజప్ప. "ఈమె ఏమో కడుపు కడిగేసింది."

"కాపీ పెట్టుకున్నావా?"

సత్యప్రియ సీడీ తీసి ఇచ్చింది. వసంతకుమార్ తెరిచి చూశాడు. "ఇవన్నీ షార్ట్‌కట్లు. ఫైళ్లు కావు, వాటి గుర్తులే. కాగితం మీద ఇంటి అడ్రసు రాసుకోని, ఇల్లు పడగొట్టినట్లు చేసినావు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయినవి అవ్వ పాటలు. పెళ్లిలో ఆడపిల్లవాళ్లు మగపెళ్లివారిని తిడుతూ పాడే పాటలన్నీ ఆ చుట్టుపక్కల అవ్వకొక్కదానికే వచ్చు. మొన్న వేసంగిలో డాక్టరు అవ్వ పళ్లన్నీ పీకేస్తాడని తెలిసి సత్యప్రియ మైకు పెట్టి ఆ పాటలను మిషన్లో పట్టింది. దీపావళి వచ్చే ఐప్పసి నెలలోనే అక్క పెళ్లి.

"అవ్వా, మళ్లీ పాడగూడదా?" అన్నాడు వసంతకుమార్.

"పండ్లు లేని నోటితో తిడితే ఎవునికి రోషమొస్తాది?" అంది అవ్వ బోసినోటితో. "తిట్లు లేని కల్యాణానికి నేను రాను. ఇంట్లో పండుకుంటా."

"నా వల్లే అన్నా," అంది సత్యప్రియ. "అవ్వ రాకుంటే అక్క మూడుముళ్లు ఎట్ల వేయించుకుంటుంది?"

"ఎవుర్నైనా తిడతావా అవ్వా?" అన్నాడు వసంతకుమార్, సత్యప్రియను నవ్విద్దామని.

"ఏం మాట రా అది! దారిన పొయ్యేవాణ్ని తిడితే నోటికి చేటు. సంబంధం కలిస్తేనే పాటలో పేరు పడేది."

అతను మరలు ఊడదీశాడు. లోపలి నుంచి బొరుగులు జలజలా రాలాయి.

"నైవేద్యం," అన్నాడు అంజప్ప వినయంగా.

బొరుగులు ఊడ్చి, డిస్కును తన మిషనుకు తగిలించాడు. "ఫార్మాట్ అయినాక దీంట్లో ఏమైనా ఎక్కించినారా?"

"ఎక్కించేదేంది! పూజ చేసిన ఆయుధాన్ని తెల్లారేదాకా ముట్టుకుంటారా? స్విచ్చి కూడా ఎయ్యనీలేదు నేను," అన్నాడు అంజప్ప.

"బతికించినారయ్యా! పైన కొత్తవి పడలేదు. పాతవి అడుగునే ఉంటాయి."

పోగొట్టిందీ ఆయుధపూజే, మిగిల్చిందీ ఆయుధపూజే. అంజప్ప మీసం సర్దుకున్నాడు.

"సాయంత్రం రండి, ఎత్తి పెడతా."

"పూజ చేసిన మిషన్ను ఒంటిగా ఇడవకూడదబ్బా," అని అంజప్ప బెంచీ మీద బాసిపట్టు వేశాడు. అవ్వ నిమ్మకాయన్నం మూట విప్పింది.

బయట వాన, లోపల రికవరీ. ఒక్కొక్క ఫైలే పైకి తేలింది, పేరూ ఊరూ లేకుండా. ఏది ఏదో విని చూస్తేగాని తెలియదు. హెడ్‌ఫోన్ తీయబోతే అవ్వ ఒప్పుకోలేదు. "పాట నాది. నేను ఇనల్ల. గట్టిగా పెట్టు."

మొదటి ఫైలు మోగింది.

"హలో, మైక్ టెస్టింగ్. వన్, టూ..."

వసంతకుమార్ ఎగిరి దాన్ని ఆపాడు. గొంతు తనదే!

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద అంజప్ప పాత కంప్యూటరు కావాలని వచ్చినప్పుడు, సత్యప్రియ నాయన కదా అని ఉబ్బిపోయి, తన సొంత మిషనే తుడిచి ఇచ్చాడు. అందులో ఆమెకు ప్రేమ ఎలా చెప్పాలో తను సాధన చేసిన రికార్డింగులు గంపెడు. అవ్వ పాటలకు అడుగున అవే ఉన్నాయి. డిస్కు పోయిందని చెబితే తన పరువు దక్కుతుంది, ఆ పిల్ల పెళ్లింట్లో జీవితాంతం దోషిగా మిగులుతుంది.

"రాలేదా అన్నా?" అంది సత్యప్రియ.

వసంతకుమార్ దేవుడి మీద భారం వేశాడు. "వస్తాయి. మధ్యలో ఏమైనా వినపడితే నన్ను కొట్టొద్దండి," అని ప్లే నొక్కాడు.

"సత్యప్రియా, నేను వసంతు. నువ్వంటే నాకు... ఛీ, బాలేదు."

తరువాతిది: "సత్యప్రియా, ఐ యామ్ వెరీ... ఊహూ, లీవ్ లెటర్ మాదిరి ఉండాది."

తరువాతిది తుమ్ము. ఆ తరువాతిది అతని అమ్మ గొంతు: "ఎవుర్తో మాట్లాడతా ఉండావు రా? అన్నం చల్లారిపోతా ఉండాది!" "ఎవుర్తో లేదమ్మా, నువ్వు పో!"

అంజప్ప చేతిలో నిమ్మకాయన్నం చేతిలోనే ఉంది. "మా మిషన్లో నీ గొంతేం చేస్తా ఉండాది?"

"ముందు అది నా మిషనేనయ్యా. తుడిచి ఇచ్చినా. పోలేదు." ఇక దాచేదేముంది? "మనసులో నుంచి కూడా పోలేదు. మీ పిల్లంటే నాకిష్టం."

సత్యప్రియ ముఖం కుంకుమ రంగుకు తిరిగింది. "రెండేండ్లు మా ఇంట్లోనే, నా బల్ల కిందే ఉండి, ఒక్కమాటైనా చెప్పలేదే!"

"నువ్వు అన్నా అన్నా అంటా ఉంటే ఎట్ల చెప్పేది?"

"బస్సులో ఏడాది ఎనక్కి తిరిగి తిరిగి చూస్తే కిటికీ లోంచి మేకలు లెక్కపెడతా ఉంటివి! నిన్ను అన్నా అనక మామా అనాల్నా?"

అంజప్ప లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపు స్పీకర్లలో అవ్వ గొంతు, పళ్లన్నీ ఉన్నప్పటి గొంతు, ఖంగుమంది:

"వచ్చినాడమ్మ వియ్యంకుడు వంకర కర్ర పట్టుకోని
మెచ్చినాడమ్మ మా మజ్జిగనీళ్లు పాయసమని పోసుకోని!"

సత్యప్రియ అవ్వను కావలించుకుని ఏడ్చేసింది. వరసగా పాటలన్నీ వచ్చాయి. అవ్వ కళ్లు మూసుకుని తన తిట్లకు తానే తలూపుతూ ఆఖరిదాకా విన్నది. తరువాత గొంతు సవరించుకుంది. పండ్లు లేని నోటితో పాడనన్న మనిషి, బోసినోరు తెరిచి ఎత్తుకుంది:

"వచ్చినాడమ్మ వసంతకుమారు వైరు మెడకు చుట్టుకోని
మెచ్చినాడమ్మ మా పిల్లను మిషనుతోనే చెప్పుకోని!"

"అమ్మా," అన్నాడు అంజప్ప కంగారుగా, "అది సంబంధం వాళ్లను కదా తిట్టేది?"

"నాకు తెలీదా? కూర్చోని అన్నం తిను."

అంజప్ప బడిపిల్లాడంత బుద్ధిగా కూర్చున్నాడు. కాసేపు నమిలి, వసంతకుమార్ వైపు మూట జరిపాడు. "మీ అమ్మను ఒకసారి రమ్మను. ఆమె మాటా ఇనల్ల కదా."

వసంతకుమార్ రెండు చేతులా నిమ్మకాయన్నం అందుకున్నాడు.

సత్యప్రియ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుని మైకు అవ్వ వైపు తిప్పింది. "అవ్వా, ఆ పాట ఇంకోసారి తిట్టు." తరువాత, స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండా, మెల్లగా అడిగింది.

"షార్ట్‌కట్టు కాకుండా నిజం కాపీ ఎట్ల చేసేది, వసంతూ?"