సిమ్ము తీశాక వచ్చిన మాట

నేను చేపల కోల్డ్ స్టోరేజీలో తాళాల మనిషిని. పేరుకి తాళాలేగానీ, ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే వస్తుంది. చదివింది తొమ్మిదో తరగతే అయినా, ఫోను చేతికొస్తే నేను పెద్ద డాక్టర్నే! అందరూ నన్ను బాబాయ్ అంటారు. మా యజమానితో సహా.

ఆ రోజు పొద్దున్న పదింటికి ఒకావిడ వచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడింది. మా పొడుగోడి భార్య. పొడుగోడంటే పెట్టెలు మోసే మనిషి. ఎక్కడో దూరాన్నుంచి పనికొచ్చాడు, మన భాష ముక్క రాదు, 'బాబాయ్' అన్న మాట తప్ప. అందుకని మా ఇద్దరి ఫోన్లలో అనువాదం యాప్ ఎక్కించి రెంటినీ జత చేశాను. వాడు తన భాషలో మాట్లాడితే నా ఫోన్లో మన అక్షరాలు పడతాయి. అలా ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో!

ఆవిడ చేత్తో మొగుడి ఎత్తు చూపించి, రెండు చేతులూ ఖాళీగా చాచింది.

"రాత్రి ఇంటికి రాలేదనుకుంటా బాబాయ్," అన్నాడు గుమాస్తా.

"ఉండమ్మా, ఇప్పుడే వాణ్ణే అడుగుదాం," అని యాప్ తెరిచాను.

కనెక్షన్ లోపం. మళ్లీ ప్రయత్నించండి.

విమానం గుర్తు నొక్కి తీశాను. డేటా ఆపి పెట్టాను. ఫోను కట్టేసి వెలిగించాను. గుండ్రంగా తిరగడం, ఎర్రటి అక్షరాలు పడటం.

"ఆ ఫోనుకి పింఛను ఇచ్చి పంపెయ్ బాబాయ్."

"ముందు నిన్ను పంపించి, ఆ తర్వాత దాన్ని పంపుతాలేరా!"

చివరికి సిమ్ము ఊడదీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాను. సిమ్ము ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది. ఫోను గుయ్‌మంది.

బాబాయ్, తలుపు తియ్యండి.

"కలిసింది చూశావా!" అని గంతేశాను.

గుమాస్తా నవ్వలేదు. "సిమ్ము ఇంకా నీ చేతిలోనే ఉంది బాబాయ్..." అన్నాడు మెల్లగా.

మళ్లీ గుయ్‌మంది. 'చలిగా ఉంది.'

మళ్లీ. 'మూడో గది.'

ఐసు గదిలోకి వెళ్లేవాడు తన నంబరు బిళ్లని తలుపు పక్క మేకుకి తగిలించాలి. బయటికొచ్చాక తీసుకోవాలి. మేకు ఖాళీ అయితేనే నేను తాళం వెయ్యాలి. నిన్న సాయంత్రం మూడో గది మేకుకి ఒక బిళ్ల మిగిలింది. పొడుగోడిది. వాడికి మతిమరుపు. రోజూ వదిలేసి పోతాడు, రోజూ నేనే తీసి జేబులో వేసుకుని, పొద్దున్న నాలుగు చివాట్లు పెట్టి ఇస్తాను. నిన్నా అంతే అనుకున్నాను...

జేబులో చెయ్యి పెట్టాను. బిళ్ల తగిలింది.

పరిగెత్తాను. తాళం తీశాను. తలుపు తెరవగానే తెల్లటి పొగ. ఉప్పు వాసన. తలుపుకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నా కాళ్ల మీద పడ్డాడు. కనురెప్పల మీద మంచు. గుప్పిట్లో ఫోను, ఎప్పుడో ఆరిపోయి ఉంది.

తెల్లవారకముందే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు.

"పదింటికి మాట్లాడాడండీ..." అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశాడు.

ప్రమాదం అని రాసుకున్నారు. మూడో గది మూయించేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆవిడ మాత్రం రోజూ పదింటికి వస్తోంది. వచ్చి చెయ్యి చాస్తుంది. ఫోను ఇస్తాను. సిమ్ము మళ్లీ పెట్టలేదు. తప్పు నాదేరా అని వాడికి యాప్‌లో ఎన్నిసార్లు చెప్పానో... ఒక్కటీ పోలేదు. కనెక్షన్ లోపం. ఆవిడ చేతిలోకి వెళ్లగానే అక్షరాలు పడతాయి, వాళ్ల భాషలో. చదువుకుంటుంది. గుసగుసగా ఏదో జవాబు చెబుతుంది. వెళ్లిపోతుంది.

నిన్న వచ్చిన మాట చాలా పొడుగ్గా ఉంది. చదవడం అయ్యాక తలెత్తి, ఇన్నాళ్లకి మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

బయట ఎండ మండిపోతోంది. ఐసు గదిలోకి వెళ్లేటప్పుడు పొడుగోడు వేసుకునే ఉన్ని కోటుని ఆవిడ సంచిలోంచి తీసింది. నాకు తొడిగింది. నేను వద్దనలేదు. ఒక్కో గుండీ నిదానంగా పెట్టింది, గొంతు దాకా...