ఎవరు రాసిన ప్రోగ్రాము

2003 జూన్ పద్దెనిమిది, బుధవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. రాత్రి పట్టిన వాన నాలుగింటికి వెలిసింది. విజయవాడ గుణదలలో గాలి కదలడం లేదు. ఎండ ఇంకా రాలేదు. నిన్న కొరియరులో వచ్చిన నియామకపు ఉత్తరాన్ని బెన్నీ వరండాలో కూర్చుని నాలుగోసారి మడిచాడు.

వంటింట్లో స్టెల్లా పెసరట్టు తిప్పుతూ ఇంగ్లీషు పేపరు పైకి చదువుతోంది. బెన్నీ పిన్ని కూతురు, అతనికన్నా ఏడాది పెద్దది; తల్లి పోయాక ఈ ఇంట్లోనే పెరిగింది. ఎంసీఏ చివరి ఆరు నెలలు ఇద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌లుగా పనిచేశారు. ఆ తరువాత రాతపరీక్ష, ఇంటర్వ్యూ. ఉన్నది ఒక్క ఉద్యోగం. అది బెన్నీకేనని ఇరవై రోజుల కిందట, ఇంటర్వ్యూ అయిన రోజే చెప్పేశారు.

"ఒరేయ్, ఈ మాటెలా పలకాలి?" అని అడిగింది స్టెల్లా.

బెన్నీ పలికి చూపించాడు. ఇరవై రోజులుగా అదే పని.

తల్లి రూతు కొవ్వొత్తుల పొట్లంతో వచ్చింది. "ఆ ఉత్తరం ఇలా ఇవ్వు నాన్నా. కొండకెళ్ళి మేరీమాత పాదాల దగ్గర పెట్టుకొద్దాం."

"వద్దమ్మా."

"ఏం, మాతకి చూపించడానికి జీతం చాల్లేదా?" అన్నాడు తండ్రి బాలశౌరి, గడ్డం గీసుకుంటూ.

"ఆ ఉద్యోగం నాది కాదు నాన్నా. అక్కది," అంటూ బెన్నీ జరిగిందంతా చెప్పాడు.

ఆ కంపెనీలో కంప్యూటర్లు తక్కువ. పైగా ఆడపిల్లలను సాయంత్రం ఆరింటికే ఇంటికి పంపేసేవారు. అందుచేత స్టెల్లా ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు నోటుపుస్తకాల్లో రాసేది. మర్నాడు ఆరు దాటాక బెన్నీ వాటిని టైపు చేసేవాడు. ప్రతి ఫైలూ అతని పేరుమీదే నిలిచింది. ఇంటర్వ్యూలో మేనేజరు రామకోటేశ్వరరావు ఆ జాబితా చూసి, "ఇవన్నీ మీరు రాసినవేనా?" అని అడిగాడు. "అవునండీ," అన్నాడు బెన్నీ.

స్టెల్లా స్టవ్ కట్టేసి గుమ్మంలోకి వచ్చింది.

"మీ పనేదీ కనిపించడం లేదే, అన్నారాయన నాతో. చెప్పబోయి తడబడ్డాను. నా ఇంగ్లీషు చూసి నమ్మలేదనుకున్నా."

"తప్పు నాదే అక్కా."

"ఆ ఒక్క మాటా భయంలో వచ్చిందనుకుంటానురా. మరి ఈ ఇరవై రోజులూ? పక్కన కూర్చుని నా ఇంగ్లీషు దిద్దావే."

బెన్నీకి అబద్ధం ఆడడానికి ఒక్క క్షణం పట్టింది. దాన్ని కాపాడుకోవడానికి, ఓటమికి కారణం ఆమె నాలుకేనని రోజూ ఆమెచేతనే నమ్మించాడు. అది సాయం చేయడమని తనకు తాను చెప్పుకున్నాడు కూడా.

బాలశౌరి సగం గీసిన గడ్డం తుడుచుకున్నాడు. "చొక్కా వేసుకోరా. అమ్మాయ్, ఆ పుస్తకాలు తీసుకురా. పోదాం పదండి."

"చేతికొచ్చిన ఉద్యోగం పోతుందేమోనండీ," అంది రూతు.

"పోతుంది," అన్నాడాయన.

కంపెనీలో రామకోటేశ్వరరావు అంతా విని, ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. తరువాత ఆ నోటుపుస్తకాల్లో ఒకటి తెరిచి, "ఈ పేజీ వివరించండి," అన్నాడు స్టెల్లాతో.

"ఇంగ్లీషులోనాండీ?"

"మీకెలా వస్తే అలా."

తలుపు బయట నిలబడి బెన్నీ నలభై నిమిషాలు విన్నాడు. ఆమె ఎక్కడా తడబడలేదు.

తిరుగు బస్సులో అతను దూరంగా నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే స్టెల్లా పిలిచింది. "నాకింకా కోపం తగ్గలేదు. అయినా వచ్చి కూర్చో."

జూలై ఒకటిన స్టెల్లా ఆ ఉద్యోగంలో చేరింది. బెన్నీ 2005లో హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి కుదిరి, అక్కడే స్థిరపడ్డాడు.