భ్రమరాంబ తిప్పిన చెంబు

బుక్కరాయసముద్రం ఊరి మీద ఇంకా ఎండ ముదరలేదు. చెరువు ఎండిపోయినా, పొద్దున పూట గాలి మాత్రం అటునుంచే చల్లగా వస్తుంది. భ్రమరాంబ పెరట్లో నిలబడి చెంబు మెడకు తాడు కట్టి, నిండా నీళ్లు పోసింది.

కొత్త కోడలు. అనంతపురం కాలేజీలో బి.ఎస్సీ. చదువుతోంది. అక్కడ ఆ ఏడాదే, పంతొమ్మిదివందల అరవై ఒకటిలో, రోదసీయానం మీద కొత్త తరగతి మొదలైంది. చెప్పేది ఆమె భర్త ఓబుళేసే. హాజరు పిలిచినప్పుడు “యస్ సార్” అనాలంటే ఆమెకు నవ్వాగదు. ఆయన చెవులు ఎర్రబడతాయి. ఆ చెవులు చూడటానికే ముందు బెంచీలో కూర్చుంటుంది.

ఈ రోజు ఉపగ్రహాల పాఠం. తరగతిలో చెంబు తిప్పి చూపించే పని ఆమెది.

తిప్పింది. చెంబు తలమీదికి వెళ్లి బోర్లా తిరిగి కిందికొచ్చింది. ఒక్క చుక్క కారలేదు. గాజులు గలగలమన్నాయి. తాను భూమి, చెంబు చందమామ. భ్రమరాంబ కళ్లు సగం మూసుకుంది.

అంతలో ముడి ఊడింది. చెంబు గీత గీసినట్టు నేరుగా పోయి గోడకు కొట్టుకుంది.

“చూసినారా! నేరుగానే పోయింది! లాగేది లేకపోతే వంపు తిరగదు!” అని గుమ్మంలో ఉన్న భర్తను చూసి చప్పట్లు కొట్టింది.

ఆయన నవ్వలేదు. వెనక ఆయన తల్లి బయమ్మ నిలబడి ఉంది. చీకటితో లేచి, ఎండిన వంక ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన ఆ నీటిని కొబ్బరి చిప్పతో తోడి తెచ్చింది ఆవిడే.

“ఏమే, మతి ఉండాదా నీకు? గుక్కెడు నీళ్లకు నేను ఇసుక తవ్వుతాంటే, నువ్వు గోడకు తాపుతాండావా?”

“పాఠం కోసం అత్తా...”

“మొగుడే పంతులైతే ఇంట్లో చెప్పించుకోరాదా? కాలేజీ చాలు. ఈ పొద్దు నుంచి యాడికీ పోవద్దు.”

“అమ్మా, పరీక్షలు...”

“నువ్వు ఊరుకోప్పా. ఈడ వానల్లేవు, మీకు చందమామ కావాల్నా?”

భ్రమరాంబ సొట్టపడిన చెంబూ తాడూ తీసుకుని వంకకు నడిచింది.

చెలమలో అరచేతంత నీరుంది. అందులో ఆకాశమంతా ఉంది. ఇంకో రోజైతే దానికే మురిసిపోయేది. ఒక చిప్ప తోడి, మళ్లీ ఊరేదాకా గొంతుక్కూర్చుంటే అత్త మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది.

“లేయే, ఎండెక్కుతాంది.” వెనకే బయమ్మ.

“తప్పయింది అత్తా. ఇంక నీళ్లకు నేనే వస్తా. కాలేజీ కూడా మానేస్తా.”

బయమ్మ పక్కన కూలబడింది. చెంబు వైపు చూసి అడిగింది. “చెంబు బోర్లా తిరిగినా నీళ్లు ఏమిటికి పడలేదే? ముడి ఊడేదాకా చూస్తానే ఉంటి.”

భ్రమరాంబ తడి కళ్లతోనే నవ్వింది. “పడబోతాయి అత్తా, పడేలోపల చెంబు పక్కకు పోతాది. ఉపగ్రహమూ అంతే. పడతానే ఉంటాది. పక్కకు పోయే జోరులో నేలకు మాత్రం తగలదు.”

“మీ మామను కట్టుకున్న కాడి నుంచి నాదీ అదే బతుకు.”

ఇద్దరూ పగలబడి నవ్వారు.

“మరి దానికి తాడు యాడుంటాది?”

“భూమి లాగేదే తాడు. అది లేకపోతే తిరిగి రాదు. అట్లే దూరం పోతాది.”

బయమ్మ నవ్వు ఆగింది. “చదువు ముదిరితే నువ్వూ అట్లే పోతావేమోనని నా దిగులు” అంది మెల్లగా.

భ్రమరాంబ ఆవిడ భుజానికి తల ఆనించింది.

బయమ్మ తాడు అందుకుని, చెంబు మెడకు బిగించి కట్టింది. చిప్పతో తోడి, తోడి, అంచుదాకా నింపింది.

“పో, జట్కా పోతాది.”

“నీళ్లు వద్దత్తా, ఖాళీ చెంబు చాలు.”

“ఖాళీ చెంబు తిప్పితే ఎవరు నమ్ముతారే?”

జట్కా గతుకుల్లో ఊగినంతసేపూ భ్రమరాంబ చెంబు మూతిని అరచేత్తో మూసి పట్టుకుంది. ఒక్క చుక్క ఒలకలేదు. కళ్లనీళ్లు మాత్రం ఆపలేకపోయింది.